మజిల్‌లోడర్ వేట రైఫిల్: తూటా, స్కోప్ మౌంట్ ఎంపికపై రెండు సవరణలు

సంపాదకులకు,

అయ్యా,

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో కొందరు జింకల వేటకు వెళ్తున్నారనీ, వారిలో మూతి నుంచి మందు, తూటా కూరే మజిల్‌లోడర్ రైఫిళ్ళ మీద ఆసక్తి పెరుగుతోందనీ మీ ప్రవాస పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయం మీద తెలుగులో ఒక వ్యాసం రావడం నాకు చాలా సంతోషం కలిగించింది. అయితే పెన్సిల్వేనియాలో చాలా ఏళ్ళుగా ఈ రకం తుపాకీతోనే వేటకు వెళ్తున్న పాఠకుడిగా అందులోని రెండు సలహాలను సవరించకుండా ఉండలేకపోతున్నాను. దొరికిన వాటిలో అన్నిటికంటే బరువైన తూటా కొనుక్కోమన్నది మొదటి సలహా. డబ్బంతా స్కోప్ (గురి చూసే దుర్భిణి) మీద పెట్టమని, దాన్ని బిగించే మౌంట్ ఏదైనా ఒకటేనని చెప్పడం రెండోది. వీటిని నమ్మి అడవికి వెళ్ళిన కొత్తవాడు గాయపడిన జింకను పొదల్లో పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మజిల్‌లోడర్‌తో రెండోసారి కాల్చాలంటే మందు పోసి, తూటా కూరి, మందుకు నిప్పంటించే ప్రైమర్ పెట్టుకోవాలి. అంతసేపు ఏ జింకా ఆగదు. కాబట్టి మొదటి తూటా ఎక్కడ తగులుతుంది, తగిలాక ఏం చేస్తుంది అన్నవి బయల్దేరేముందే తేల్చుకోవలసిన సంగతులు.

తూటా ఎంపిక గొట్టం దగ్గర మొదలవుతుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు తూటాను గిరగిరా తిప్పుతాయి, ఆ తిరుగుడే దాన్ని ముక్కు ముందుకే ఉండేలా నిలబెడుతుంది. ఎన్ని అంగుళాలకు ఒక పూర్తి చుట్టు తిరుగుతుందన్న లెక్క గొట్టం మీదో, రైఫిల్‌తో వచ్చే పుస్తకంలోనో ఉంటుంది. 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే నిదానపు గాడులు, గుడ్డముక్క చుట్టి కూరే గుండ్రటి సీసపు గుండు కోసం చేసినవి. 1970లో థాంప్సన్ సెంటర్ సంస్థ తెచ్చిన హాకెన్ రైఫిల్‌లో 48 అంగుళాలకు ఒక చుట్టు ఉండేది. గుండుకూ, పొట్టి శంకువు ఆకారపు తూటాకూ రెండింటికీ పనికొచ్చేలా కుదిర్చిన మధ్యేమార్గం అది. మిసౌరీకి చెందిన టోనీ నైట్ 1985లో తెచ్చిన ఎంకే-85 తర్వాత బాగా వ్యాపించిన, మందు వెనకే అదే వరుసలో ప్రైమర్ ఉండే ఇన్‌లైన్ రైఫిళ్ళలో నేడు ఎక్కువగా కనిపించేది 28 అంగుళాలకు ఒక చుట్టు.

ఈ అంకెల వెనక ఉన్న సూత్రాన్ని బ్రిటిష్ గణితవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ 1879లోనే లెక్కగట్టారు. తూటా వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, 150తో హెచ్చవేసి, తూటా పొడవుతో భాగిస్తే ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో సుమారుగా తెలుస్తుంది. అర అంగుళం గుండుకు ఈ లెక్కన 75 అంగుళాలకు ఒక చుట్టు చాలు. అదే వ్యాసంతో అంగుళం పొడవున్న సీసపు తూటాకు మాత్రం 37 అంగుళాల దగ్గరికి రావాలి. అంటే నిర్ణయించేది తూటా పొడవు. ఒకే వ్యాసంలో బరువు పెంచితే పొడవు కూడా పెరుగుతుంది కాబట్టే బరువు లెక్కలోకి వస్తుంది. నిదానపు గాడుల రైఫిల్‌లో పొడవాటి బరువు తూటా కూరితే అది గాలిలోనే పక్కకు తిరిగిపోతుంది. కాగితం మీద గుండ్రటి చిల్లుకు బదులు పొడుగ్గా చీలిన గుర్తు కనిపిస్తే జరిగింది అదేనని తెలుసుకోవాలి. అలాంటి గుర్తు ఒక్కటి కనిపించినా ఆ తూటాతో వేటకు వెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆ తర్వాత చూడవలసింది తూటా దేనితో చేశారన్నది. మెత్తటి స్వచ్ఛమైన సీసం తక్కువ వేగంలో కూడా జంతువు శరీరంలో విచ్చుకుంటుంది, గాడుల్లోకి సులువుగా ఒదుగుతుంది. ప్లాస్టిక్ తొడుగులో, అంటే సాబో‌లో, కూర్చే తూటాలు చాలావరకు 0.45 అంగుళాల పిస్తోలు తూటాలే. ఇక్కడ ఒక చిక్కుంది. పిస్తోలు వేగానికి తగినట్టు విచ్చుకునేలా చేసిన పలచటి తూటాను సెకనుకు 1,900 అడుగుల వేగంతో దగ్గర నుంచి భుజపుటెముక మీదికి వదిలితే అది లోతుకు దిగకముందే ముక్కలు కావచ్చు. గట్టిగా చేసిన తూటా దూరంలో వేగం తగ్గాక విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి అవతలికి పోవచ్చు. తయారీదారులు ఏ వేగం నుంచి ఏ వేగం వరకు తూటా పనిచేస్తుందో చెబుతారు. పెట్టె మీద బొమ్మ కంటే ఆ రెండు అంకెలు ముఖ్యం. గుండ్రటి గుండు గాలికి త్వరగా వేగం పోగొట్టుకుంటుంది కాబట్టి దానితో 75 గజాలు దాటి కాల్చకపోవడమే మంచిది.

కాలిఫోర్నియాలో ఉన్న మన పాఠకులకు ఇంకో సంగతి. అక్కడ 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. సీసపు తునకలున్న కళేబరాలను తిని కాండోర్ రాబందులు చనిపోతుండటం ఆ చట్టానికి ప్రధాన కారణం. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే రాగి సీసం కంటే తేలిక: ఘన సెంటీమీటరుకు సీసం 11.34 గ్రాములు తూగితే రాగి 8.96 గ్రాములే తూగుతుంది. అదే బరువు, అదే వ్యాసం కావాలంటే రాగి తూటా పావు వంతుకు పైగా పొడవు పెరగాలి. అంటే మళ్ళీ గాడుల మెలి దగ్గరికే వస్తాం. అక్కడ "బరువైనది కొనండి" అన్న సలహా రెండింతలు దెబ్బతీస్తుంది. రాగిలో కాస్త తేలికైన, పొట్టి తూటా ఎంచుకుని, విచ్చుకోవడానికి కావలసిన వేగం దానికి దక్కేలా చూసుకోవడమే సరైన దారి.

కాగితం మీద అన్నీ సరిపోయినా చివరి తీర్పు చేతికి తెలుస్తుంది. ఒకే 0.50 అంగుళాల కొలత రాసి ఉన్న గొట్టాల మధ్య కూడా అంగుళంలో వెయ్యో వంతుల తేడాలుంటాయి. సాబోను కడ్డీతో దింపుతున్నప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే ఒత్తిడితో దిగాలి. సుత్తితో కొట్టవలసి వస్తే బిగువెక్కువైందని అర్థం. చేతి బరువుకే జారిపోతే అది మరీ ప్రమాదం, ఎందుకంటే తుపాకీ మూతి కిందికి వంచి నడిచినప్పుడు తూటా మందుకు దూరంగా ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీతో కాల్చితే గొట్టం పగలవచ్చు. దీనికి విరుగుడు కడ్డీ మీదే ఉంది: దాన్ని ఖాళీ గొట్టంలో అడుగుదాకా దింపి మూతి అంచు దగ్గర దాని మీద ఒక గీత, సరిగ్గా కూరినప్పుడు అలాగే ఇంకో గీత పెట్టుకోవాలి. కూరిన ప్రతిసారీ రెండో గీత మూతి అంచుతో కలవాలి. కొన్ని రకాల మందులు రెండు మూడు సార్లు కాల్చేసరికి గొట్టం అడుగున గట్టి మసి కట్టేస్తాయి, అప్పుడు గీత పావు అంగుళం పైనే ఆగిపోతుంది. తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే మళ్ళీ కిందికి వస్తుంది. రైఫిల్ తయారీదారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప పొగరాని ఆధునిక మందును ఇందులో పోయకూడదన్న హెచ్చరిక మీ వ్యాసంలో అసలు లేదు. ఆ లోపాన్ని అన్నిటికంటే ముందు సరిదిద్దాలి.

ఇక మౌంట్ సంగతి. స్కోప్‌లో ఎంత మంచి కటకాలున్నా అది గొట్టం మీద నిలిచేది గొట్టానికి బిగించే ఒక బేస్, స్కోప్‌ను చుట్టి పట్టే రెండు రింగులు, కొన్ని చిన్న మరల (స్క్రూల) ఆధారంగానే. లెక్క వేసి చూడండి: రెండు రింగుల మధ్య 5 అంగుళాల దూరం ఉందనుకుందాం. ఒక రింగు అంగుళంలో వెయ్యో వంతు పక్కకు జరిగితే 100 గజాల దగ్గర తూటా ముప్పావు అంగుళం తప్పుతుంది. వెయ్యిలో 5 వంతులు జరిగితే మూడున్నర అంగుళాలు దాటుతుంది, అది కంటికి కనిపించనంత చిన్న కదలికే అయినా. మజిల్‌లోడర్‌లో బరువు తూటా, నిండు మందు కలిసి ఇచ్చే తన్ను తక్కువేమీ కాదు. ప్రతి తన్నుకూ స్కోప్ బరువంతా ఆ మరల మీదే పడుతుంది, పెద్ద స్కోప్ పెట్టిన కొద్దీ ఆ భారం పెరుగుతుంది. అందుకే డబ్బు పరిమితంగా ఉంటే మధ్యరకం స్కోప్, మేలైన మౌంట్ కొనమని చెబుతాను. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

బిగించే పద్ధతి కూడా ఎంపికంత ముఖ్యం. మరల రంధ్రాల్లోని నూనెను పూర్తిగా తుడిచి, బేస్ గొట్టం మీద ఎక్కడా ఊగకుండా కూర్చుందో లేదో మరలు లేకుండానే వేలితో నొక్కి చూడాలి. ముందు, వెనక మరల పొడవులు వేరుగా ఉండవచ్చు. పొడవాటి మరను తక్కువ లోతున్న రంధ్రంలో పెడితే అది అడుగును తాకి ఆగిపోతుంది, చేతికి బిగిసినట్టే ఉంటుంది కానీ బేస్ మాత్రం వదులుగానే ఉంటుంది. కాల్చిన కొద్దీ కాగితం మీది చిల్లుల గుంపు చెదిరిపోతుంటే చాలామంది తూటాను నిందిస్తారు, తప్పు ఇక్కడ ఉంటుంది. తయారీదారు చెప్పిన బిగువు మేరకే, కొలత చూపే స్క్రూడ్రైవర్‌తో బిగించాలి. మరలకు విప్పడానికి వీలయ్యే నీలిరంగు జిగురు చాలు.

ఆ విప్పే వీలు ఎందుకంటే, నల్ల తుపాకీ మందు మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది, కాబట్టి గొట్టాన్ని నీళ్ళతో కడగక తప్పదు. ఆ నీళ్ళు బేస్ కిందికి, మరల రంధ్రాల్లోకి చేరతాయి. సీజన్ ముగిశాక బేస్ విప్పితే కింద ఎర్రటి తుప్పు గీత కనిపించడం మామూలే. దాన్ని తుడిచి, పలచగా నూనె రాసి, మళ్ళీ బిగించి, గురి సరిచూసుకోవాలి. బయట సుత్తి (మీట నొక్కితే పడి ప్రైమర్‌ను కొట్టే భాగం) ఉండే రైఫిళ్ళలో స్కోప్ కింద బొటనవేలు పట్టదు. సుత్తికి పక్కకు పొడుచుకొచ్చే చిన్న తొడుగు తగిలించకుండా అలాంటి తుపాకీని అడవికి తీసుకెళ్ళకూడదు, చలికి మొద్దుబారిన వేలు జారితే సుత్తి దానంతటదే పడిపోతుంది. కంటికీ స్కోప్‌కూ మధ్య కనీసం మూడున్నర, వీలైతే నాలుగు అంగుళాలు ఉండాలి. రింగుల ఎత్తు మాత్రం చెంప తుపాకీ వెనక కర్రకు ఆనినప్పుడు కన్ను సహజంగా కటకానికి ఎదురుగా వచ్చేంత తక్కువగా ఉంటే చాలు.

చట్టం సంగతి మీ వ్యాసం ఒక్క వాక్యంతో దాటేసింది. అసలు స్కోప్ పెట్టవచ్చా అన్నది రాష్ట్రాన్ని బట్టి, ఒకే రాష్ట్రంలో సీజన్‌ను బట్టి మారుతుంది. మా పెన్సిల్వేనియాలో కొమ్ములు లేని జింకల కోసం అక్టోబరులో వచ్చే మజిల్‌లోడర్ సీజన్‌లో ఇన్‌లైన్ రైఫిలూ స్కోపూ వాడవచ్చు. క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే, 1974 నుంచి సాగుతున్న చెకుముకి తుపాకీ సీజన్‌లో రెండూ కుదరవు. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోప్, సాబో, బిళ్ళలుగా చేసిన మందు మూడింటికీ అనుమతి లేదు. యూటా రాష్ట్రం 2016లో దూరాన్ని దగ్గరగా చూపే స్కోపులకు తలుపు తెరిచి, 2024లో మళ్ళీ మూసింది. సాబోతో గురి కుదుర్చుకున్న రైఫిల్‌ను అలాగే కొలరాడోకు తీసుకెళ్ళినవాడు అక్కడ తూటాతో సహా అన్నీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి. రెండు రాష్ట్రాల్లో వేటాడే ఉద్దేశం ఉంటే తీసి పెట్టగలిగే మౌంట్ కొని, గొట్టం మీది మామూలు గురికట్టును ఉంచుకోవడం తెలివైన పని. తీసి పెట్టిన ప్రతిసారీ మాత్రం కాగితం మీద కాల్చి చూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకు ఒక మాట కూడా ఆ వ్యాసంలో ఉండవలసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో వేట నేరం. మూతి నుంచి కూరే తుపాకీ పాతకాలపుదైనా సరే, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోకూడదు. పైన రాసిందంతా చట్టం అనుమతించిన చోట, లైసెన్సు తీసుకున్న వేటగాళ్ళ కోసమే.

కొలరాడో సీజన్ సెప్టెంబరులో, మాది అక్టోబరులో వస్తుంది. కొత్తవాళ్ళు తూటాలు, మౌంట్‌లు కొనేది అంతకు ముందు వేసవిలోనే. కాబట్టి తూటా బరువు, మౌంట్, ఆధునిక మందు గురించిన సవరణను ఆలోగా ఒకసారి ప్రచురించవలసిందిగానూ, ప్రతి రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా వెలువరించే నియమావళిని చదివాకే కొనుగోలు చేయమని దానితోపాటు సూచించవలసిందిగానూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెన్సిల్వేనియా, అమెరికా