కొండ రక్షణ స్వచ్ఛంద దళం: 2024–25 జమా ఖర్చుల వివరణ

దాతలకు, సభ్యులకు, విజయవాడ, గుంటూరు ప్రాంతాల ప్రజలకు నమస్కారం. కొండల్లో దారి తప్పిన, గాయపడిన వారిని వెతికి క్షేమంగా కిందికి దించేది మా దళం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మా దళానికి వచ్చిన ప్రతి రూపాయికీ, పెట్టిన ప్రతి ఖర్చుకూ లెక్కను ఇందుమూలంగా మీ ముందు ఉంచుతున్నాము.

ప్రారంభ నిల్వ రూ. 38,450. సభ్యుల చందాలు రూ. 72,000, వ్యక్తిగత విరాళాలు రూ. 2,14,600, వన్‌టౌన్ వర్తకులు కూడబెట్టి ఇచ్చినది రూ. 95,000, బ్యాంకు వడ్డీ రూ. 3,120 కలుపుకొని మొత్తం జమ రూ. 4,23,170. కొండ మీద నుంచి క్షేమంగా దింపిన వారి కుటుంబాలు అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టబోయినా మేము స్వీకరించలేదు. డబ్బు కట్టాల్సి వస్తుందన్న భయం ఉంటే, దారి తప్పిన మనిషి చీకటి పడేదాకా 112కు ఫోన్ చేయడానికి వెనుకాడతాడు. ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. బ్రిటన్‌లో పర్వత రక్షణ దళాలు కూడా స్వచ్ఛంద సేవకులతో, విరాళాలతో నడుస్తూ బాధితుల నుంచి రుసుము తీసుకోవు.

ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు తాళ్లు, హార్నెస్‌లు (నడుముకు, తొడలకు బిగించుకునే పట్టీలు), క్యారబైనర్లు (తాడును తగిలించే లోహపు కొక్కేలు), హెల్మెట్లది: రూ. 1,46,800. చూడటానికి బాగానే ఉన్న పాత తాళ్లను ఎందుకు తీసేశారని కొందరు దాతలు అడిగారు. అది న్యాయమైన ప్రశ్న కనుక వివరంగా చెబుతాము. రక్షణకు వాడే తాడులో పైన అల్లిన తొడుగు, లోపల బరువు మోసే నైలాన్ పోగులు ఉంటాయి. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణనష్టం జరిగిన తరువాత, వానకు జారుతున్న కొండవాలు మెట్ల వీధుల నుంచి వృద్ధులను దించడానికి మా తాళ్లను చేతిపట్టుగా కట్టాము. బురదలోని ఇసుక రేణువులు తొడుగు దాటి లోపలికి చేరితే, బరువు పడిన ప్రతిసారీ పోగులను కోస్తాయి; ఉతికినా అవన్నీ పోవు. అందుకే మా సభ్యులు ప్రతి తాడునూ మూర మూరకూ వేళ్ల మధ్య నడిపి చూస్తారు. ఎక్కడైనా మెత్తబడినా, వంచినప్పుడు గుండ్రంగా తిరగక చదునుగా మడతపడినా ఆ తాడు ఇక పనికిరాదు. తీసేసిన తాళ్లను పొరపాటున ఎవరూ వాడకుండా ముక్కలుగా కోసి, ముడులు నేర్పడానికే ఉంచాము. కొండ అంచు నుంచి మనిషిని దించేటప్పుడు ప్రధాన తాడుతో పాటు, వేరే ఆధారానికి కట్టిన రక్షక తాడు కూడా ఉండి తీరాలి. తాళ్లు ఎప్పుడూ జంటగా కొనవలసి రావడానికి కారణం అదే.

శిక్షణకు రూ. 84,500 ఖర్చయింది. బోధకుల పారితోషికం, కొండపల్లి కొండల్లో సాధన, భోజనాలు ఇందులోనివే. పోలీసుల నుంచి పిలుపు రాగానే మా సమన్వయకర్త ముందుగా అడిగేది, ఆ మనిషి చివరిసారి ఎక్కడ, ఎన్ని గంటలకు కనిపించాడు, ఫోన్‌లో ఛార్జింగ్ ఎంత ఉంది, వెంట నీళ్లు ఉన్నాయా అని. ప్రథమ చికిత్స సంచితో ఒక చిన్న జట్టు తెలిసిన కాలిబాటల వెంట వేగంగా వెళుతుంది, మరికొందరు కొండ దిగే దారుల దగ్గర కాపు కాస్తారు, స్ట్రెచర్, తాళ్లు వెనుక వస్తాయి. స్ట్రెచర్‌ను ఆరుగురు మోస్తారు. రాళ్ల దారిలో కొద్ది దూరానికే చేతులు మారాలి కాబట్టి, ఒక్క క్షతగాత్రుడికి ఆరుగురు ఏమాత్రం చాలరు. మన ఎండల్లో వడదెబ్బ తగిలిన వారిని మోయడానికి తొందరపడకూడదు, ఒళ్లు తడిపి, గాలి విసిరి, చల్లబరచడం ముందు మొదలుపెట్టాలి. ఇవన్నీ పుస్తకం చదివితే వచ్చేవి కావు గనుక ఈ పద్దును వచ్చే ఏడాది కూడా తగ్గించము.

సేవకుల ప్రమాద బీమాకు రూ. 41,300, స్ట్రెచర్‌కు, ప్రథమ చికిత్స సామగ్రికి రూ. 52,750, వాహనాల ఇంధనానికి రూ. 29,640, తలకు కట్టుకునే టార్చిలకు, బ్యాటరీలకు రూ. 18,900, ఆడిట్, ముద్రణ, బ్యాంకు ఛార్జీలకు రూ. 6,180 అయ్యాయి. మొత్తం ఖర్చు రూ. 3,80,070. సేవకులెవరికీ జీతం గానీ, భత్యం గానీ ఇవ్వలేదు.

డ్రోన్ కొనాలన్న ప్రతిపాదనను వాయిదా వేశాము. దట్టమైన చెట్ల కింద పడి ఉన్న మనిషిని మామూలు కెమెరా పట్టుకోలేదు. అదే సొమ్ముతో రెండో స్ట్రెచర్ కొనడం మేలని కార్యవర్గం అభిప్రాయం.

ముగింపు నిల్వ రూ. 43,100, ఇందులో బ్యాంకులో రూ. 40,600, చేతిలో రూ. 2,500 ఉన్నాయి. అర్ధరాత్రి పిలుపు వస్తే ఇంధనం, మందులు విరాళాల కోసం ఆగవు కాబట్టి రూ. 25,000 అత్యవసర నిధిగా విడిగా ఉంచాలని తీర్మానించాము. రశీదులు, వోచర్లు, ఆడిటర్ నివేదిక సర్వసభ్య సమావేశం నాడు అందరి పరిశీలనకూ అందుబాటులో ఉంటాయి. ఏ పద్దుపై అభ్యంతరం ఉన్నా అక్కడ అడగవచ్చు; జవాబును సమావేశపు మినిట్స్‌లో నమోదు చేస్తాము.

ఇట్లు,
కార్యవర్గం