చెమట పట్టే ఊళ్లో యోగా సరంజామా

చెన్నై, పశ్చిమ మాంబళం

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం అందింది. బదిలీ మీద మీరు చెన్నై వస్తున్నారన్న వార్తకు ఎంత సంతోషించానో, వచ్చీ రాగానే మందవెళి వైపు యోగా తరగతిలో చేరాలని నువ్వు నిశ్చయించుకున్నందుకు అంతకంటే ఎక్కువ సంతోషించాను. తొమ్మిది వస్తువులున్న యోగా కిట్టు ఒకటి ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతోందనీ, దాన్ని విజయవాడలోనే తెప్పించుకుని సామానుతో పాటు సర్దుకుని రావాలా అనీ అడిగావు. వద్దు. అలాంటి కిట్లలో సాధారణంగా నాసిరకంగా ఉండేది మ్యాటే. మనం నిజంగా మంచిది చూసి కొనుక్కోవలసినది కూడా ఆ మ్యాట్ ఒక్కటే. మిగిలిన వాటిలో సగం మీ ఇంట్లోనే వేరే పేర్లతో పడి ఉన్నాయి, మిగతా సగం నీకు అవసరమో కాదో నీకు నేర్పబోయే గురువు చెప్పాలి.

కాబట్టి మ్యాట్ గురించే ముందుగా, కొంచెం విస్తారంగా రాస్తాను. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునే ఆసనం మరీ ఎత్తుగానూ మరీ పల్లంగానూ ఉండకూడదనీ, దర్భలూ జింక చర్మమూ వస్త్రమూ పరచుకోవాలనీ చెప్పారు కదా. అది కదలకుండా కూర్చునేవారికి సరిపోయే ఏర్పాటు. అరచేతులూ పాదాలూ నేలకు ఆనించి ఒంటి బరువును ఏటవాలుగా మోయవలసిన ఆసనాలలో మెత్తదనం కన్నా పట్టు ముఖ్యం. ఇప్పుడు లోకమంతా వాడుతున్న జారని మ్యాట్ కథ కూడా పట్టు దగ్గరే మొదలవుతుంది. ఒకప్పుడు జర్మనీలో యోగా నేర్పుతున్న ఆంజెలా ఫార్మర్ అనే ఉపాధ్యాయినికి, చిన్నతనంలో జరిగిన శస్త్రచికిత్స వల్ల, చేతులకూ పాదాలకూ చెమట పట్టేది కాదు. పొడి అరచేతులు నేల మీద నిలవక జారిపోతూ ఉంటే, తివాచీ కదలకుండా దాని అడుగున పరిచే పొరను ముక్కగా కోసుకుని ఆమె దాని మీద సాధన చేయడం మొదలుపెట్టింది. అంటే ఈ వస్తువు పుట్టిందే చెమట పట్టని చేతుల కోసం. మన చెన్నైలో సమస్య సరిగ్గా దానికి తలకిందులు.

ఇక్కడి గాలిలో తేమ ఎంత అంటే, కత్తిరి అని ఇక్కడివారు పిలిచే మే నెల మండుటెండల రోజుల్లో తెల్లవారుజామున ఫ్యాను కింద నిలబడి సూర్యనమస్కారాలు చేసినా, ముగించేసరికి మోచేతుల నుండి చెమట ధార కడుతుంది. దుకాణం వాళ్ల ఏసీ గదిలో పొడి చేయి ఆనించి చూస్తే ప్రతి మ్యాటూ బ్రహ్మాండంగా అతుక్కుంటుంది; ఆ పరీక్షకు మన ఊళ్లో విలువ లేదు. సీసాలోని నీళ్లతో అరచేయి తడుపుకుని, మ్యాట్ మీద ఆనించి, చేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో తోసినట్లుగా ముందుకు తోసి చూడాలి. దుకాణదారుడు ముఖం చిట్లిస్తే చిట్లించుకోనీ.

చవకగా దొరికేవి ఎక్కువగా పీవీసీ మ్యాట్లు. అవి ఏళ్ల తరబడి మన్నుతాయి, పొడి చేతికి మంచి పట్టే ఇస్తాయి, కాని పైపొర నీటిని పీల్చుకోదు కనుక చెమట దాని మీద పలుచగా నిలిచి జారుడు పుట్టిస్తుంది. రబ్బరులా సాగే ప్లాస్టిక్‌తో చేసిన టీపీఈ మ్యాట్లు తేలిక, వాసన తక్కువ, మన్నిక కూడా తక్కువే. ఎన్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరు నురుగుతో చేసి, పది, పన్నెండు మిల్లీమీటర్ల మందంతో దిండులాగా ఉండేవి కొన్ని ఉంటాయి. వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలకు అవి హాయిగానే ఉంటాయి గాని, వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడినప్పుడు పాదం అందులోకి కుంగి చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. ఆ కిట్టుతో వచ్చేది చాలా మటుకు ఇలాంటిదే అయి ఉంటుంది, ఎందుకంటే లావుగా కనిపించే వస్తువును ఫోటోలో చూపించి అమ్మడం తేలిక.

నా ఓటు సహజ రబ్బరు మీద కార్క్ అతికించిన మ్యాట్‌కు. కార్క్ అనేది ఓక్ జాతికి చెందిన ఒక చెట్టు బెరడు. తడి తగిలిన కొద్దీ దాని పట్టు పెరుగుతుంది, అంటే మన వాతావరణం దానికి కలిసి వస్తుంది. అడుగున ఉన్న రబ్బరు మొజాయిక్ గచ్చును వదలకుండా పట్టుకుంటుంది. రబ్బరు మీద పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ పైపొర ఉన్నవి కూడా చెమటను బాగా పీల్చుకుంటాయి, కాని అరచేతుల మరకలు వాటి మీద శాశ్వతంగా నిలిచిపోతాయి. చూపుకు శుభ్రంగా ఉండాలనుకునే నీకు అది నచ్చదు. రబ్బరు మ్యాట్‌కు మూడు లోపాలున్నాయి. పీవీసీకి పెట్టే డబ్బుకు కొన్ని రెట్లు పెట్టాలి, మొదటి వారాల్లో కొత్త టైరు వాసన కొడుతుంది, అయిదు మిల్లీమీటర్ల మందంలో తీసుకుంటే రెండున్నర కిలోల దాకా తూగుతుంది. రోజూ బస్సులో భుజాన వేసుకుని వెళ్లాలనుకుంటే ఈ బరువును లెక్కలోకి తీసుకోవలసిందే. లేటెక్స్, అంటే రబ్బరు పాలు, పడని అలర్జీ ఉన్నవారు మాత్రం దాని జోలికే పోకూడదు; మీ అమ్మాయికి బెలూన్లు తగిలితే దద్దుర్లు వచ్చేవని గుర్తు, కనుక తను కూడా అదే మ్యాట్ వాడేటట్లయితే ముందుగా వైద్యుణ్ణి అడుగు.

కొలత విషయంలో కూడా ఒక మాట. మామూలు మ్యాట్ 68 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉంటుంది. నువ్వు పొడగరివి కనుక శవాసనంలో మడమలు గచ్చు మీదికి పోకుండా 72 అంగుళాలది తీసుకో. మందం నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మధ్య చాలు. మోకాలు నొచ్చే ఆసనాల్లో ఆ భాగం కిందికి మాత్రం ఒక దుప్పటి మడిచి పెట్టుకోవచ్చు.

అసలు కొత్త మ్యాట్ కొనే లోపల, మీ అటక మీద ఉన్న వరంగల్ జంపఖానాను దింపించు. ఆ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది గాని, నేను చెప్పదలచుకున్నది దాని ప్రతిష్ఠ గురించి కాదు. ఆసనాలను ఆగకుండా వరుసగా చేయించే అష్టాంగ పద్ధతికి పుట్టినిల్లయిన మైసూరులో సాధకులు మ్యాట్ మీద నూలు రగ్గు పరచుకునే అలవాటు ఎప్పటి నుంచో ఉంది, ఎందుకంటే నూలు చెమటను తాగుతుంది, తడిసిన నూలు చేతికి పట్టు ఇస్తుంది. పొడిగా ఉన్నప్పుడు అది జారుతుంది కనుక మొదలుపెట్టే ముందు చేతులు ఆనే చోట కాసిని నీళ్లు చిలకరించాలి. వట్టి గచ్చు మీద పరిస్తే జంపఖానాయే జారుతుంది కాబట్టి అడుగున ఏదో ఒక చవక మ్యాట్ ఉండాలి. ఈ ఏర్పాటుతో సంవత్సరాల తరబడి సాధన చేస్తున్నవారు నాకు తెలుసు. వారానికి ఒకసారి ఉతికి ఆరేసుకునే సౌకర్యం మరే మ్యాట్‌కూ లేదు.

రబ్బరు మ్యాట్‌ను ఎండలో ఎప్పుడూ ఆరవేయకు. ఎండకు అది పెళుసుబారి పొడి రాలుతుంది. నూనెలు కలిపిన స్ప్రేలు కూడా దానికి పడవు. కాసిని సబ్బు నీళ్లతో గుడ్డ పెట్టి తుడిచి, నీడలో ఫ్యాను కింద ఆరనిచ్చి, పూర్తిగా ఆరిన తరువాతే చుట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల ముసురు. తడిగా చుట్టి పెడితే బూజు వాసన పట్టుకుంటుంది. చుట్టేటప్పుడు పైభాగం బయటికి వచ్చేలా చుడితే, మళ్లీ పరిచినప్పుడు అంచులు పైకి లేవవు.

ఇక ఆసరాకు వాడే ఇటుకల్లాంటి బ్లాకులు, బెల్టులు, బాలీసుల సంగతి. వీటిని ఇంత విరివిగా వాడుకలోకి తెచ్చినవారు పుణేలో స్థిరపడిన యోగ గురువు బి.కె.ఎస్. అయ్యంగార్. వంగలేని శరీరానికి ఇటుక, తాడు, కుర్చీ, దుప్పటి ఆసరాగా ఇచ్చి ఆసనాన్ని అందుబాటులోకి తేవడం ఆయన పద్ధతి. ఆయన గురువైన తిరుమలై కృష్ణమాచార్య 1950ల నుంచి 1989లో కన్నుమూసే వరకు ఈ చెన్నైలోనే ఉన్నారు. కృష్ణమాచార్య కుమారుడు దేశికాచార్ 1976లో కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించారు. దేశికాచార్ పద్ధతిలో సరంజామాకు అంత ప్రాధాన్యం లేదు: మనిషి వయసుకూ శక్తికీ తగినట్లు ఆసనాన్నే మార్చి, శ్వాసతో కలిపి చేయిస్తారు. ఒకే గురువు దగ్గర నుంచి వచ్చిన రెండు దారుల్లో ఒకదానికి అలమర నిండా సామాను కావాలి, రెండోదానికి ఒక చాప సరిపోతుంది. నువ్వు చేరబోయే తరగతి ఏ దారిదో తెలియకుండా సామాను కొనడం ఎందుకు?

అవసరమేనని వాళ్లు చెబితే, బ్లాకు మాత్రం నురుగు పదార్థంతో చేసినది కాకుండా కార్క్‌ది కొను. నురుగుది బరువు మోపినప్పుడు నొక్కుకుపోతుంది, కార్క్‌ది బరువుగా, స్థిరంగా నిలుస్తుంది. బెల్టు బదులు పాత నూలు చున్నీ చాలు, సాగే బట్ట కాకపోతే సరి. బాలీసు గురించి అయితే, మీ ఇంట్లో బూరుగు దూది నింపిన పొడుగు దిండు ఉందని నాకు బాగా తెలుసు.

బట్టల దగ్గరికి వస్తే నువ్వు మొహమాటపడుతున్నావని నీ ఉత్తరం చదివితేనే అర్థమయింది. ఇక్కడి తరగతుల్లో సల్వార్ కమీజు వేసుకుని వచ్చేవారు, ట్రాక్ ప్యాంటు మీద పొడుగు టీషర్టు వేసుకునేవారు, ఒంటికి అంటిన లెగ్గింగ్స్ వేసుకునేవారు పక్క పక్కనే ఉంటారు, ఎవరూ ఎవరినీ చూడరు. చున్నీ మాత్రం ఇంట్లో వదిలి రా. వదులు టీషర్టుతో, భుజాల మీద నిలిచి కాళ్లు పైకెత్తే సర్వాంగాసనం వేస్తే అది జారి ముఖం మీద పడుతుంది కనుక, అంచును నడుములో దోపుకునేటంత పొడుగున్నది వేసుకోవాలి.

నెమ్మదిగా, శ్వాస మీద ధ్యాసతో సాగే సాధనకు కొద్దిగా స్పాండెక్స్ అనే సాగే దారం కలిపిన నూలు బట్ట చాలు. చెమట ధారలు కట్టే సాధన అయితే నూలు తడిసి బరువెక్కి ఒంటికి అంటుకుపోతుంది. అప్పుడు నైలాన్ లేదా పాలిస్టర్‌తో స్పాండెక్స్ కలిపిన బట్ట మేలు, త్వరగా ఆరుతుంది. పాలిస్టర్ చెమట వాసనను పట్టుకుని వదలదు కాబట్టి ధర కాస్త ఎక్కువైనా నేను నైలాన్‌నే ఎంచుకుంటాను. లెగ్గింగ్స్ కొనేటప్పుడు అద్దం ముందు, వెలుతురులో, పూర్తిగా ముందుకు వంగి చూసుకో. నిలబడినప్పుడు దళసరిగా కనిపించిన బట్ట సాగినప్పుడు పారదర్శకమవుతుంది. యోగా దుస్తులకు పేరుమోసిన లులులెమన్ కంపెనీ సైతం 2013లో ఇదే కారణంగా నల్ల ప్యాంట్లను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కాళ్ల మధ్య నాలుగు కుట్లు ఒకే చోట కలిసే ప్యాంటు కాకుండా అక్కడ ఒక ముక్క వేసి కుట్టినది చూడు, కూర్చున్నప్పుడు ఒరుసుకోదు. నడుము పట్టీ వెడల్పుగా ఉండాలి. వెనక జిప్పు, జేబు ఉన్నవి, వెల్లకిలా పడుకుని కాళ్లను తల వెనక్కి వంచే హలాసనంలో వెన్నుకు గుచ్చుకుంటాయి.

అల్లిక బట్టలకు పేరుపడిన తిరుప్పూరు ఈ రాష్ట్రంలోనే ఉంది కనుక ఎగుమతికి కుట్టి మిగిలిపోయిన సరుకు ఇక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. లేబులు కోసి ఉంటుంది, సైజు చీటీని నమ్మడానికి లేదు, కాని ఓపికగా వెతికితే పేరున్న దుకాణం ధరలో మూడో వంతుకు అంతే మంచి బట్ట చేతికి వస్తుంది. ఈ వెతుకులాట నాకు చాలా ఇష్టం. సాగే బట్టలను తిరగేసి, చల్లటి నీళ్లలో ఉతకాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్ పోస్తే బట్ట పోగుల మీద పొర కట్టి చెమటను పీల్చే గుణం తగ్గుతుంది, వేడి నీళ్లకు సాగుడు చచ్చిపోతుంది.

ఇంత కఠినంగా లెక్కలు చెబుతున్నాను గాని, వస్తువుల మీద ముచ్చట తప్పని నేను అనుకోను. మ్యాట్ నీకు నచ్చిన రంగులో ఉంటే దాన్ని తెల్లవారుజామున పరచడానికి చేయి ముందుకు వస్తుంది; ముదురాకుపచ్చది అయితే మట్టి మరకలు కూడా కనిపించవు. కళ్ల మీద పెట్టుకునే చిన్న దిండు మటుకు నా దృష్టిలో అనవసరమైన వాటిలోకెల్లా మేలైనది: మెత్తటి నూలు సంచీలో అవిసె గింజలు నింపి కుట్టి, శవాసనంలో కళ్ల మీద పెట్టుకుంటే ఆ కొద్దిపాటి చల్లటి బరువుకే కనుబొమలు సడలుతాయి. నీది నేను కుట్టి ఉంచుతాను.

నువ్వు చేయవలసిన పని ఒకటుంది. మ్యాట్ సంచీలు దుకాణంలో కొనవద్దు. బయలుదేరే ముందు పెడన కలంకారీ అచ్చు బట్ట, 44 అంగుళాల పన్నాది, ఒక మీటరు తీసుకుని రా. మా వీధి దర్జీ దానితో మనిద్దరికీ చెరొక సంచీ కుట్టగా పట్టీలకు కూడా ముక్క మిగులుతుంది. పువ్వుల అచ్చు కాకుండా చెట్టు కొమ్మలది దొరికితే మరీ మంచిది, అంచు మాత్రం ఎర్రగా ఉండేలా చూడు.

ప్రేమతో,
నీ మాంబళం నేస్తం