తెగులు కొమ్మలను ఊరు దాటించొద్దు

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం ముందు కరెంటు తీగలకు అడ్డొచ్చే కొమ్మలు కొట్టడం ఏటా ఉండేదే. ఈసారి మా రోడ్డు పక్క కొట్టినవాటిలో చాలా వేపచెట్లకు ఎండు తెగులు ఉంది. కొనలన్నీ మంట సెగ తగిలినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. ఆ మండలన్నీ ట్రాక్టర్‌లో వేసుకెళ్లి పక్క ఊరి చెరువు కట్ట మీద కుమ్మరించి వచ్చారు. ఆ కట్ట పొడుగునా ఉన్నవీ వేపచెట్లే!

2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపలు వరసగా మాడిపోతుంటే జనం చాలా టెన్షన్ పడ్డారు. దానికి కారణం ఫోమాప్సిస్ అనే శిలీంధ్రమనీ, టీ దోమ అనే పురుగు చెట్టు రసం పీల్చడం వల్ల నష్టం ఇంకా పెరుగుతోందనీ శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. దాంతో ఆ సంగతి అందరం మర్చిపోయాం.

కొమ్మ చచ్చినా తెగులు చావదు. ఎండిన పుల్లను కాస్త దగ్గరగా పెట్టుకుని చూడండి, బెరడు మీద గుండుసూది మొనంత నల్లటి చుక్కలు కనిపిస్తాయి. వాన తడి తగిలితే వాటిలోంచి సిద్ధబీజాలు (శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి) బయటికొస్తాయి, చినుకుల తుంపరతో పక్క కొమ్మలకు చేరతాయి. అంటే సరిగ్గా తొలకరి ముందు ఆ పుల్లల్ని తీసుకెళ్లి మంచి చెట్ల కింద పోస్తున్నామన్నమాట. దేశాలు దాటే సరుకు చెక్కపెట్టెలకైతే, చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలని అంతర్జాతీయ నియమం ఉంది. మండలం దాటే వేపమండను మాత్రం అడిగేవాడు లేడు.

చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. ఎండిన భాగం దగ్గరే ఆపకుండా, దానికి కాస్త కింద పచ్చి కొమ్మలోకి వచ్చేలా, పొడి వాతావరణంలో కొట్టాలి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేముందు కత్తిని, రంపాన్ని స్పిరిట్‌తో తుడవాలి. సన్న పుల్లల్ని ఆ రోజే, అక్కడికక్కడే కాల్చేయాలి. పట్టణాల్లో చెత్త బహిరంగంగా కాల్చకూడదు కాబట్టి అక్కడ గొయ్యి తీసి పూడ్చాలి. కంచెకు కంప పనికొస్తుందని, మేకలకు మేత అవుతుందని పట్టుకెళ్లేవాళ్లనూ ఆపాలి, కాస్త మాటపడాల్సి వచ్చినా సరే. ఈ తెగులు ముఖ్యంగా సన్న కొమ్మలదే కాబట్టి లావు దుంగల గురించి అంత బెంగ అక్కర్లేదు.

ఇంకో మాట. చెట్టు ఎండిందని మొదలంటా నరికేసి కట్టెల అడితికి అమ్ముకునేవాళ్లకు ఈ తెగులు మంచి సాకు అయింది. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. వేప ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం కూడాను. ఒక వేసవి ఆగి చిగురు వస్తుందో లేదో చూశాకే అనుమతి సంగతి ఆలోచించాలి.

కొమ్మలు కొట్టే పని కాంట్రాక్టర్‌కు ఇచ్చేటప్పుడు తెగులు పుల్లల్ని ఎక్కడ, ఎప్పటిలోగా కాల్చాలో లేదా పూడ్చాలో పని ఒప్పందంలోనే రాయాలి. అది జరిగిందని పంచాయతీ కార్యదర్శి సంతకం పెట్టాకే బిల్లు చెల్లించాలి. అధికారులు వచ్చే ఏడాది పనుల నుంచైనా దీన్ని అమలు చేయాలని కోరుతున్నాను.

– ఒక రైతు, పల్నాడు జిల్లా