పింఛను ఒకటే, పన్ను రెండు తీర్లు

జాతీయ పింఛను పథకంలో ఉద్యోగి తానుగా కట్టే సొమ్ముకు కొత్త పన్ను విధానంలో మినహాయింపు లేదు. అదే సొమ్ము యజమాని జమచేస్తే మూలవేతనం, కరవుభత్యంలో 14 శాతం వరకు ఉంది. బాలానగర్‌లో నేను పనిచేసే కర్మాగారం, యజమాని వాటా ఇవ్వదు కనుక, 80 వేల మూలవేతనమున్న నేను నెలకు 11,200 రూపాయలు సొంతంగా కట్టినా, ఏడాదికయ్యే 1,34,400లో ఒక్క రూపాయీ పన్ను లెక్కలోంచి తీసేయలేకపోయాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడికి మాత్రం అంతే మొత్తం, అదీ అతని ప్యాకేజీలోంచే కోసి యజమాని వాటాగా చూపినది, పూర్తిగా మినహాయింపు కిందికి వచ్చింది. పాత విధానంలో ఉద్యోగి వాటాకున్న 50 వేల అదనపు వెసులుబాటూ కొత్తదానిలో లేదు. సొమ్ము ఎవరి చేతిమీదుగా జమైనా 14 శాతం ఉమ్మడి పరిమితి వర్తించేలా కేంద్ర ఆర్థికశాఖ చట్టాన్ని సవరించాలి; అప్పటిదాకా ఉద్యోగి కోరితే జీతంలో ఆ మేరకు సొమ్మును యజమాని వాటాగా సర్దడం యజమానులకు తప్పనిసరి చేయాలి.

— ఒక ఉద్యోగి, బాలానగర్, హైదరాబాద్