నా థీసిస్‌లోకి మిర్చి చేను వచ్చింది

హనుమకొండ,
ఆదివారం, డ్యూటీ రూమ్ నుంచి

సుజీ,

ఈపాటికి నన్ను బాగా తిట్టుకుని ఉంటావు. నీ రెండు ఉత్తరాలకూ జవాబు బాకీ. పీజీలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి కదా, ఆ డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ అని మూడు నెలలు భూపాలపల్లిలో ఉన్నానా, తిరిగొచ్చేసరికి ఇక్కడ డ్యూటీలు కుప్పపడి ఉన్నాయి. సారీనే.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలు కాస్త నయం. తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. సంతలో గునుగు పూలు దిగాయి, బతుకమ్మ సందడి మొదలైంది. మన పచ్చ కర్టెన్ మేడం రిటైరయ్యారు, వీడ్కోలు సభలో ఏ పాట అందుకున్నారో నీకు చెప్పక్కర్లేదు. మిగతావి తర్వాత.

అసలు సంగతి వేరే ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఎవరికైనా చెప్పాలని గిలగిలలాడిపోతున్నాను. ఇక్కడ చెబితే "అయితే ఏంటి?" అంటారు. నీకే అర్థమవుతుంది.

నా థీసిస్ టాపిక్ నీకు తెలిసిందే. సిజేరియన్‌లో నడుములో మత్తు సూది, అదే స్పైనల్, ఇచ్చాక బీపీ పడిపోతే దాన్ని పైకి లేపడానికి ఫినైల్‌ఎఫ్రిన్ మంచిదా, నార్‌అడ్రినలిన్ మంచిదా అని. 2015లో హాంకాంగ్ వాళ్ల పేపర్ వచ్చిన దగ్గర్నుంచి అందరూ దీని మీద పడ్డారు కాబట్టి ప్రశ్న కొత్తదేం కాదు. కానీ మా దగ్గరికి వచ్చే గర్భిణుల్లో సగం మందికి రక్తహీనత. వాళ్లలో ఎలా ఉంటుందో చూడాలని నా పట్టుదల. నేను మత్తు ఇస్తాను. ఇంకో పీజీ కవరు చించి, అందులో ఏ మందు పేరు రాసి ఉంటే అది సిరంజిలోకి తీసి తెచ్చిస్తుంది. ఎం.ఎల్.కు 100 మైక్రోగ్రాముల ఫినైల్‌ఎఫ్రిన్ కావచ్చు, 8 మైక్రోగ్రాముల నార్‌అడ్రినలిన్ కావచ్చు. చూడ్డానికి రెండూ నీళ్లే. ఏదో నాకు తెలియదు, పేషెంటుకూ తెలియదు.

ఎండాకాలంలో ఒకామె వచ్చింది. ఏటూరునాగారం వైపు, రెండో కాన్పు, మొదటిదీ ఆపరేషనే. ముందురోజు వార్డులో మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. రెండూ వాడుకలో ఉన్న మందులే, ఏది మెరుగో తేల్చాలని చూస్తున్నాం, నీకు ఏది వస్తుందో నేను ఎంచను, ఇష్టం లేకపోతే వద్దను, ఆపరేషన్ ఎప్పటిలాగే జరుగుతుంది అని. నా మాట పూర్తికాకముందే వాళ్ల అత్త లేచింది. "మా పిల్ల మీద పరీక్షలు జేస్తరా? డాక్టరమ్మవు, ఏ మందు మంచిదో నీకు తెల్వదా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే సుజీ. ఏం చెబితే వాళ్లకు అందుతుందా అని ఆలోచిస్తున్నాను, ఈలోపు ఆమే అత్తవైపు తిరిగింది. "అత్తమ్మా, పోయినేడు మనం మిర్చి ఎట్ల ఏసినం? సగం చపాటా, సగం తేజ. ఏది మంచిగ కాస్తదో ముందుగాల మనకు తెలిసిందా?" అంది. అత్త ఊరుకోలేదు. చపాటా బాగా కాసింది కదా, ఇంకేంటి అంది. దానికి ఆమె ఏమందో విను. "కాల్వ పక్క మడిల చపాటా పెడితిమి, గట్టు మీద తేజ పెడితిమి. నీళ్లు పారిన మడి కాయదా? గది విత్తనం గొప్పనా, మడి గొప్పనా? చీటీలేసి ఏ మడికి ఏదొస్తే అదే పెడితె గద తెలిసేది!"

సుజీ! చీటీలేసి అందే! మన పుస్తకాల్లో దాన్నే రాండమైజేషన్ అంటాం కదా, నేను ఆ మాట ఎత్తనే లేదు. కవర్ల గురించి ఇంకా చెప్పనే లేదు. పెన్ను పట్టుకుని అలా చూస్తుండిపోయాను.

తర్వాత ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. అసలు ఈ పద్ధతి పుట్టిందే పొలంలో కదే. 1919లో ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో చేరి, ఒక మడి మంచిది, ఒక మడి చెడ్డది అనే చిక్కు దగ్గరే తల బద్దలు కొట్టుకుని, చివరికి చీటీల దారి పట్టాడు. అది వైద్యంలోకి వచ్చేసరికి 1948, టీబీకి స్ట్రెప్టోమైసిన్ ట్రయల్. అందులోనూ సీలు వేసిన కవర్లే. బయోస్టాటిస్టిక్స్ క్లాసులో ఇదంతా నిద్రమత్తులో రాసుకున్నాం, పరీక్షలో అప్పజెప్పాం. ఈమె మిర్చి చేలో నిలబడి తనంతట తాను కనుక్కుంది.

అత్త ఇంకేం మాట్లాడలేదు. కోడలు సంతకం పెట్టింది.

మర్నాడు థియేటర్లో స్పైనల్ సాఫీగా అయింది. కుడి తుంటి కింద వెడ్జ్ దిండు పెట్టి నిమిషం నిమిషం బీపీ చూస్తున్నాను. 124, 118, 109. ఆమె ఒకసారి ఆవలించింది. "మేడం, కడుపుల తిప్పుతున్నది" అంది. బీపీ కఫ్ ఇంకా బిగుసుకుంటూనే ఉంది, బీపీ పడిపోతోందని నాకు మాత్రం ఆ ఆవలింతతోనే తెలిసిపోయింది. 92. సిరంజిలోంచి ఒక ఎం.ఎల్. ఇచ్చాను. మళ్లీ చూస్తే 112. పెదాలకు రంగు వచ్చింది. పల్స్ 90 నుంచి 70కి దిగింది. పల్స్‌ను ఎక్కువగా తగ్గించేది ఫినైల్‌ఎఫ్రిన్ కదా. వెంటనే మనసు "ఇది ఫినైల్‌ఎఫ్రినే" అంటుంది చూడూ, ఆ ఊహను అణిచిపెట్టడం ఎంత కష్టమో! ఒక కన్ను పేషెంటు మీద, ఒక కన్ను థీసిస్ వివరాలు రాసే ప్రొఫార్మా మీద అంటారు కదా, అది తప్పు. రెండు కళ్లూ పేషెంటు మీదే ఉండాలి, నిజాయితీగా రాసుకోవడం మాత్రం ఆగకూడదు. ఈ అలవాటు నాకు థీసిస్ వల్లే వచ్చింది. ఇప్పుడు థీసిస్‌లో లేని కేసుల్లో కూడా ఆవలింత కనిపిస్తే ముందే చెయ్యి సిరంజి మీదకు పోతోంది.

ఆడపిల్ల, మంచి ఏడుపు. రికవరీలో ఆమె అడిగిన మొదటి మాట పిల్ల గురించి. రెండోది, "నాకే మందొచ్చింది?" ఇంకా నాకూ తెలియదు, అందరివీ అయ్యాకే విప్పుతాం అన్నాను. "అయితే తేలినంక జర ఫోన్ జెయ్యుండ్రి" అంది.

నేను చెయ్యలేదు, ఇంకా తేలలేదు కాబట్టి. నిన్న ఆమే చేసింది! సమాచార పత్రంలో నా నంబర్ ఇవ్వాలి కదా, ఆ కాగితం దాచుకుందట. "మేడం, తేలిందా?" అంది. ఇంకా కేసులు కావాలమ్మా అన్నాను. "మా చెల్లెకు గూడ ఆపరేషన్ అంటున్నరు, మీ దగ్గరికే తోలిస్త. ఆమెను గూడ లెక్కల రాసుకోండ్రి" అంది. చెల్లెలు తనంతట తాను ఒప్పుకోవాలి, ఆమెకు నేను మొదట్నుంచీ చెప్పాలి, ఏ మందో నా చేతిలో ఉండదు అని చెప్పాను. "ఎర్కనే మేడం, చీటీలు గద" అని నవ్వింది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఎందుకంటే మన థీసిస్‌ల సంగతి నీకు తెలుసు. సినాప్సిస్, ఎథిక్స్ కమిటీ, ట్రయల్ రిజిస్టర్ చేసినట్టు సీటీఆర్‌ఐ నంబర్, ఐసీఎంఆర్ ఆన్‌లైన్ కోర్సు, అన్నీ అవుతాయి. బైండింగ్ చేయించి కాళోజీ యూనివర్సిటీకి పంపుతాం. అక్కడితో సరి. ఎండీ చేసే ప్రతివాడూ థీసిస్ రాయాలి, దానికంటూ వారానికి ఒక పూట కూడా ఉండదు. ఒక సీనియర్ నాతో "ఏదో ఒకటి రాసి పడేయ్, నీకు కావాల్సింది చేతిపని" అన్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందో! ఆమె ఒళ్లు మనకు అప్పజెప్పింది, జవాబు కోసం ఎదురుచూస్తోంది. రాసి పడేయడమేంటి?

నువ్వు రాసినప్పుడు పట్టించుకోలేదు గానీ ఇప్పుడు నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదువుతున్నాను. మీ అమెరికాలో రెసిడెన్సీలోనే ఆరు నెలలు పరిశోధనకు విడిగా ఇస్తారని, ఆ తర్వాత టీ32 అనే పరిశోధన శిక్షణ గ్రాంటు కింద ఇంకా కొనసాగించొచ్చని రాశావు. ఆ ఆరు నెలలూ ఒకేసారి ఇస్తారా, నెల నెలగా విడదీస్తారా? నా భయమేంటంటే, అన్ని నెలలు థియేటర్‌కు దూరమైతే చెయ్యి మొద్దుబారదా? శ్వాస గొట్టం వేయడం కష్టమైన ఎయిర్‌వే వస్తే? పోనీ విడివిడిగా ఇస్తే ప్రశ్న మీద మనసు నిలవదు. మధ్యలో కాల్ డ్యూటీలు చేయిస్తారా? నీకు ఏది పనికొచ్చిందో ఉన్నదున్నట్టు రాయి, ధైర్యం చెప్పడానికి రాయకు.

ఎండీ అయ్యాక పీహెచ్‌డీ చేద్దామని నాకు గట్టిగా ఉంది. థియేటర్ మాత్రం వదలను. రెండూ కలిసి ఉంటేనే ఆ ఆవలింత కనిపిస్తుంది, దాని మీద ప్రశ్నా పుడుతుంది. నాన్నతో నిన్న రాత్రే అన్నాను. ఆయన ముందు ఏం మాట్లాడలేదు, తర్వాత అమ్మను పిలిచి...

ఓటీ నుంచి ఫోన్. మాయ ముందే ఊడిపోయిందట, అబ్రప్షన్ కేసు, బీపీ అందడం లేదంటున్నారు. పోవాలి. నాన్న సంగతి మళ్లీ రాస్తా. ఆరు నెలల విషయం మర్చిపోకు.

నీ
రమ