పాత భవనాలకు ముందు ఫైళ్లు సిద్ధం చేయండి

సంపాదకుడు గారికి,

విశాఖలో ఏ పాత కట్టడం పెచ్చులూడినా అధికారుల నుంచి వినిపించే జవాబు ఒకటే, నిధులు లేవని. అందులో సగమే నిజం. డబ్బు వచ్చే దారులు అప్పుడప్పుడూ తెరుచుకుంటూనే ఉన్నాయి. తెరుచుకున్న రోజున చేతికి అందివ్వడానికి మన దగ్గర కాగితాలే ఉండడం లేదు.

తొట్లకొండ, బావికొండ లాంటి బౌద్ధ క్షేత్రాలకు కనీసం పురావస్తు శాఖ ఉంది. విశాఖ పాత ఊరైన వన్‌టౌన్ సంగతి వేరు. టౌన్‌హాల్ నుంచి కురుపాం మార్కెట్ వైపు నడిస్తే దారిపొడవునా కనిపించే పాత పాఠశాలలు, సత్రాలు, మేడలు చాలావరకు ఏ రక్షిత జాబితాలోనూ లేవు. 1861లోనే మున్సిపాలిటీ అయిన భీమిలిలోనూ ఇలాంటి పాత ఇళ్లు ఎన్నో. జాబితాలో లేని భవనానికి ఏ శాఖ బడ్జెట్‌లోనూ చోటుండదు. దానికి డబ్బు కావాలంటే ఎవరో ఒకరు పూనుకుని దరఖాస్తు పెట్టాలి.

2015లో కేంద్రం వారసత్వ నగరాల కోసం హృదయ్ పథకం తెచ్చినప్పుడు ఎంపికైన 12 ఊళ్లలో అమరావతి, వరంగల్ ఉన్నాయి, మనం లేము. ఆ పథకం 2019లో ముగిసింది. స్మార్ట్ సిటీల తొలి 20 పేర్లలో విశాఖ ఉంది కానీ ఆ మిషన్ కూడా 2025 మార్చితో అయిపోయింది. 2024 చివర్లో పర్యాటక ప్రాజెక్టుల కోసం కేంద్రం రాష్ట్రాలకు యాభై ఏళ్ల వడ్డీ లేని రుణం ఇచ్చినప్పుడు మన రాష్ట్రం నుంచి గండికోట, రాజమహేంద్రవరంలోని అఖండ గోదావరి ప్రాజెక్టు ఎంపికయ్యాయి. గోదావరిపై 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెనకు అలా మళ్లీ ఆశ పుట్టింది. గోదావరి వాళ్లకు దక్కినందుకు నాకు నిజంగా సంతోషమే. అలాంటి పిలుపు మళ్లీ వస్తే మన వన్‌టౌన్ తరఫున ఏం చూపిస్తామన్నదే నా బెంగ.

మా పేటలోని ఒక పాత పఠనాలయం కమిటీలో నేనూ ఉన్నాను. గ్రాంటు కోసం పెట్టుకున్న దరఖాస్తు తిరిగొచ్చింది. స్థలం ఇచ్చిన దాత పేరు దస్తావేజులో ఒకలా, రెవెన్యూ రికార్డులో మరోలా ఉండడం మొదటి అభ్యంతరం. సొసైటీ రిజిస్ట్రేషన్, స్వచ్ఛంద సంస్థల కోసం ఉన్న నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు, ఆడిట్ అయిన లెక్కలు ఎలాగో సమకూర్చుకున్నాం. డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) దగ్గర ఆగిపోయాం. కొలతలతో డ్రాయింగులు, ఏ గోడ ఏ స్థితిలో ఉందో ఫొటోలతో నివేదిక, పాత కట్టడాల పరిరక్షణ తెలిసిన కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ సంతకం అడిగారు. చందాలతో నడిచే సంస్థ ఆ ఫీజు ఎక్కడి నుంచి తెస్తుంది? గ్రాంటు వస్తే గానీ డబ్బు లేదు, డబ్బు పెడితే గానీ గ్రాంటు రాదు.

డీపీఆర్ అడగడం తప్పని నేను అనను. మామూలు ఎస్టిమేటుతో పాత గోడను ముట్టుకుంటే ఏమవుతుందో సముద్రం పక్కన ఉండేవాళ్లం చూస్తూనే ఉన్నాం. ఈ గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం తడిని పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు ఇటుకను లోపలి నుంచి తినేస్తుంది. పైకి కొత్తగా కనిపించే గోడ కొన్నేళ్లకే పొట్టుపొట్టుగా రాలుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ, వాళ్ల కూలి ఎక్కువ. అందరికంటే తక్కువ రేటు వేసినవాడికే టెండర్ ఇస్తే ఆ మేస్త్రీ పనిలోకి రాడు. ఇవన్నీ ముందే రాసి పెట్టుకునేది డీపీఆర్‌లోనే. డబ్బు మంజూరయ్యాక కూడా అది విడతలుగానే వస్తుంది, ఖర్చయిన దానికి యూటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. దీనికీ లెక్కలు తెలిసిన మనిషి కావాలి.

బ్రిటన్‌లో లాటరీ సొమ్ముతో నడిచే వారసత్వ నిధి పెద్ద ప్రాజెక్టులకు ముందు సర్వేలకు, ప్లానుకు వేరుగా డబ్బిస్తుంది, అసలు పనికి తర్వాత ఇస్తుంది. మనకూ కావలసింది ఆ మొదటి మెట్టే.

మన నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఒక చిన్న వారసత్వ విభాగం పెట్టమని కోరుతున్నాను. ఒక కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్, రెవెన్యూ రికార్డులు తెలిసిన ఒక ఉద్యోగి, ఒక అకౌంటెంట్ చాలు. వాళ్లు వన్‌టౌన్, భీమిలి భవనాలకు ఒక్కొక్కటిగా హక్కు పత్రాలు సరిచేసి, డీపీఆర్ సిద్ధం చేసి ఉంచాలి. ట్రస్టులు, ప్రైవేటు యజమానులు వచ్చి అడిగినా సాయం చేయాలి. కొలతల పనిలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విద్యార్థులను కలుపుకుంటే వాళ్లకూ చదువు, ఊరికీ పని.

డబ్బుకు ఢిల్లీ ఒక్కటే దిక్కు కాదు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ప్రకారం చారిత్రక భవనాల పునరుద్ధరణకు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) సొమ్ము ఖర్చు పెట్టవచ్చు. 1996లో ఏర్పాటైన జాతీయ సాంస్కృతిక నిధి ద్వారా ఫలానా కట్టడానికే అని విరాళం ఇచ్చే వీలుంది. ఇంతమంది పెద్ద పరిశ్రమలవాళ్లున్న ఊళ్లో అడిగితే ఇచ్చేవారు దొరకరా? వాళ్లు కూడా ముందు అడిగేది ప్రాజెక్టు రిపోర్టే.

వచ్చే బడ్జెట్‌లోనే ఈ విభాగానికి ఒక పద్దు కేటాయించాలని, మొదటి ఏడాది ఏయే భవనాలను చేపడతారో వార్డుల్లో పట్టిక పెట్టి ప్రజల అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలని మేయర్ గారినీ, కమిషనర్ గారినీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వన్‌టౌన్, విశాఖపట్నం