‘వీ’ లేని బెల్ ఎయిర్

సంపాదకుల వారికి,

ఆదివారం సంచికలో పాత అమెరికన్ కార్ల వ్యాసం బాగుంది. రెక్కలూ, క్రోమ్ తళుకులూ అన్నీ వచ్చాయి గానీ, కొనేవాడి తిప్పలు మాత్రం రాలేదు.

టెక్సాస్‌లో ఉంటున్న నేను కిందటి నెల 1957 షెవర్లే బెల్ ఎయిర్ కారు చూడ్డానికి వెళ్లాను. ‘పుట్టుకతోనే వీ8’ అన్నాడు అమ్మే పెద్దాయన. వీ8 అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్. బానెట్ కింద ఉన్నదీ అదే. డ్రైవర్ తలుపు తీసి, కబ్జాల పక్కన ఫ్యాక్టరీ నంబరుండే రేకు పలకను చేతిగుడ్డతో తుడిచి చూశాను. ఆ ఏడు వీ8తో వచ్చిన బెల్ ఎయిర్ నంబరు ‘వీసీ57’తో మొదలవ్వాలి. ఇక్కడ ‘సీ57’ అనే ఉంది. అంటే ఆరు సిలిండర్ల బండి, ఇంజన్ తర్వాత మార్చారు! పెద్దాయనకీ తెలియదేమో, మొహం చిన్నబోయింది.

మా ఫ్రిజ్ మీది వెంకన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. వెనక చక్రం పైన ఆనిస్తే జారి కింద పడింది. రంగు కింద ఇనుప రేకు కాదు, పుట్టీ.

అయినా కొన్నాను, ఆరు సిలిండర్ల ధరకే. ఎడమ రెక్క క్రోమ్ పట్టీ వెనక దాగిన పెట్రోలు మూత చూశాక ఇక వదలబుద్ధి కాలేదు. ఈసారి వ్యాసంలో ఆ పలక ఫొటో కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, డల్లాస్